కురిసే కప్పు

మా నాన్న బొగ్గు మోసేవాడు,
కౌనస్‌లో, గుట్ట మీది వీధిలో,
నాలుగంతస్తుల మేడకి, రోజుకి పదహారు బుట్టలు.

మేడ ఇంకా పరంజాల్లో ఉండగానే
పొట్టిజుట్టావిడ ఒకరు ఆయన్ని ఆపింది.
"చెయ్యి చూపించు" అంది.
ఏదో పోయిందనుకున్నారేమోనని
నాన్న రెండు అరచేతులూ చాపాడు.
దొంగతనం కాదు, జాతకమూ కాదు.
జేబులోంచి టేపు తీసి
బొటనవేలి మొదలు నించి చిటికెన వేలి కొసదాకా కొలిచి
సిగరెట్ పెట్టె మీద రాసుకుంది.
ఆ పెట్టె మీద అప్పటికే ఉన్నాయట
బట్టలుతికే మనిషి చెయ్యి, పాలవాడి చెయ్యి,
ఎవరో ఆరేళ్ల పిల్లది, జానెడైనా లేని జాన.

పేరు మోర్తా బల్సీతే.
బెర్లిన్‌లో చదువుకొచ్చిందని కొందరు,
చెడిపోయి వచ్చిందని కొందరు.
ఆవిడ గుమ్మానికి లతల్లేవు, సింహాల్లేవు,
బాల్కనీ మోసే రాతి ఆడవాళ్ళు లేరు.
మోసేవాళ్ళు నిజంగానే ఉండగా
మళ్ళీ రాతివాళ్ళెందుకు అందట.
తెల్లటి గోడ. మూల తిరిగిన కిటికీ.
పైన, పలకలాంటి చదును కప్పు.

మంచు పడే ఊరికి చదును కప్పేమిటని
ఊరంతా నవ్వింది.
ఊరు చెప్పిందే నిజమైంది.
మార్చిలో మంచు కరిగి
ఇల్లు కురిసింది,
తిన్నగా డాక్టర్ జార్కిన్ గారి పియానోలోకి.

ఆవిడే వచ్చింది, తారు డబ్బాతో, బకెట్‌తో,
గౌను ఎగదోపుకుని పైకెక్కింది.
ప్రతి మార్చిలోనూ వచ్చింది.
నా తప్పు కాదని ఒక్కసారీ అనలేదు.
పోనీ ఏటవాలుగా మార్పిద్దామనీ అనలేదు.
"వంటమనిషికి కూడా
ఎండలో కూర్చునే చోటుండాలి" అంది,
అంతే, మళ్ళీ తారు పూసింది.

తర్వాత ఒక ఏడు
పియానో ఉంది, జార్కిన్ గారి వాళ్ళు లేరు.
మరుసటేడు పియానో కూడా లేదు.
నీళ్ళు ఉత్త నేల మీద పడుతున్నాయి.
ఆవిడ వచ్చింది.
ఎప్పుడూ పెట్టే చోటే బకెట్ పెట్టి
చాలాసేపు నించుందని
నాన్న చెప్పాడు, ఇంకేమీ చెప్పలేదు.

యుద్ధమయ్యాక ఆవిడకి ప్రభుత్వం వారి డిజైన్ ఆఫీసులో
పదిహేడో బల్ల ఇచ్చారు.
ఏ ఊరికైనా ఒకటే ఇల్లు, ఒకటే కిటికీ,
నక్షా కింద పేరుండదు, నంబరుంటుంది.
రెండేళ్ళు అర్జీల మీద అర్జీలు పెట్టి
కిటికీ గట్టుని రెండు వేళ్ళ వెడల్పు పెంచుకుంది,
టీ కప్పు నిలబడేంత.
కప్పుల విషయంలో
ఆవిడ గెలిచింది అదొక్కటే.

పోయినప్పుడు పేపర్లో మూడు లైన్లు.
వృత్తి: నక్షాలు గీయడం.

ఇప్పుడు నాలుగో అంతస్తులో నేనుంటున్నాను.
ఎనభై దాటాయి, లిఫ్టు లేదు.
మెట్ల పక్కన ఓక్ చెక్క పట్టుకొమ్మ
అందరి చేతుల జిడ్డుతో నల్లబడి మెరుస్తుంది.
మూడో మలుపు దగ్గర కాస్త లావెక్కుతుంది.
అక్కడ నా చెయ్యి సరిగ్గా ఇముడుతుంది.
నాన్న చెయ్యే నాది.

మొన్న యూనివర్సిటీ పిల్లలు వచ్చారు,
ఎర్రచుక్క వేసి దూరం కొలిచే యంత్రాలతో.
ఇక్కడెందుకు లావైంది, అలంకారమా అని అడిగారు.
"బుట్ట భుజం మార్చుకోడానికి" అన్నాను.
నవ్వి రాసుకున్నారు.
గది మధ్యలో నేల మీది తెల్లటి గుండ్రటి మరక గురించి
ఎవరూ అడగలేదు.

రాత్రంతా పైన మంచు మెత్తబడుతున్న చప్పుడు.
లేచాను.
దీపం వెయ్యక్కర్లేదు,
బకెట్ ఎక్కడ పెట్టాలో తెలుసు.